పిల్లలకు భయం, పెద్దలకు వైద్యం

(తల్లిదండ్రులు, బడుల్లో పనిచేసే కౌన్సెలర్లు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే దానికోసం చివరిదాకా ఎదురుచూస్తారు. పిల్లల చేత ఏం చేయించాలో నేను ఇవాళ చెప్పను. ఒక్క పని కూడా చెప్పను. "మావాడికి భయం ఎక్కువండీ, వాడినేం చేయమంటారు?" అన్న ప్రశ్నకు ఇవాళ మాట్లాడుకోబోయే పద్ధతిలో, అంటే పిల్లల భయానికి తల్లిదండ్రుల చేత చేయించే వైద్యంలో, జవాబు లేదు. "నన్నేం చేయమంటారు?" అని అడిగితే మాత్రం చెప్పడానికి బోలెడంత ఉంది.

ముందు, ఎలాంటి భయం గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకుందాం. బల్లిని చూసి అరిచే పిల్లలందరికీ వైద్యం అక్కర్లేదు. నాలుగేళ్ల పిల్ల చీకటికి జడుసుకోవడం, బడిలో చేరిన కొత్తలో వారం రోజులు ఏడవడం మామూలే. భయం వల్ల నిద్ర, బడి, తిండి, ఆట, స్నేహం, వీటిలో ఏదో ఒకటి వారాల తరబడి కుంటుపడితే అప్పుడు దాన్ని ఆందోళన రుగ్మత అని అనుమానించాలి. పదేళ్లు వచ్చినా అమ్మ పక్కన లేకుండా నిద్రపోలేకపోవడం. నలుగురిలో నోరు విప్పలేకపోవడం. "నాన్న ఆఫీసు నుంచి తిరిగొస్తాడు కదా, యాక్సిడెంటేం కాదు కదా" అని రోజుకు ముప్పైసార్లు అడగడం. ప్రతి సోమవారం పొద్దున ఏడింటికి కడుపునొప్పి రావడం, బడి బస్సు వెళ్లిపోయాక ఎనిమిదింటికి తగ్గిపోవడం. ఆ నొప్పి నటన కాదండీ, నిజంగానే నొప్పి పుడుతుంది. భయం కడుపులోనూ ఉంటుంది. "గుండె జారిపోయింది", "కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంది" అని మనవాళ్లు ఊరికే అనలేదు.

దీనికి బాగా పరీక్షించి చూసిన వైద్యాలు రెండున్నాయి. ఒకటి మాటల వైద్యంలో ఒక రకం, దాన్ని సీబీటీ అంటారు. పిల్లలు తమ ఆలోచనలను గమనించుకుంటూ, భయపడే పనిని మెట్టు మెట్టుగా చేసి చూసుకుంటారు. రెండోది మందులు, ముఖ్యంగా సెర్ట్రలిన్ లాంటివి. అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మందితో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. పన్నెండు వారాల తర్వాత బాగా మెరుగైనవాళ్లు సీబీటీతో 60 శాతం, సెర్ట్రలిన్‌తో 55 శాతం, రెండూ కలిపితే 81 శాతం, ఉత్తుత్తి మాత్రతో 24 శాతం. మంచి ఫలితాలే. కానీ ఏదో ఒక్క వైద్యం తీసుకున్న పిల్లల్లో ప్రతి పదిమందికీ నలుగురైదుగురు మిగిలిపోయారు. పైగా సీబీటీ జరగాలంటే పిల్లలు వచ్చి కూర్చోవాలి, మాట్లాడాలి, భయపడే పని చేయడానికి ఒప్పుకోవాలి. గది గుమ్మం దాటి లోపలికే రాని పిల్లాడిని ఏం చేస్తారు? నలుగురిలో మాట్లాడటమే భయమైన పిల్ల ముక్కూ మొహం తెలియని డాక్టరుతో ఏం మాట్లాడుతుంది?

ఇక్కడి నుంచే మన కథ మొదలు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, న్యూహేవెన్ ఊళ్లో యేల్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పిల్లల మనోవైద్య కేంద్రంలో ఎలీ లెబోవిట్జ్ అనే మనస్తత్వవేత్త ఈ పద్ధతిని రూపొందించాడు. పేరు 'స్పేస్'. ఇందులో పిల్లలు అసలు రానక్కర్లేదు. తల్లిదండ్రులే వస్తారు, వారానికి ఒకసారి, సుమారు పన్నెండు వారాలు. 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మందిని తీసుకుని, కొందరికి నేరుగా సీబీటీ, మిగతావాళ్ల తల్లిదండ్రులకు మాత్రమే 'స్పేస్' ఇచ్చి పోల్చిన ఫలితాలు 2019లో బయటికొచ్చాయి. వైద్యుడి దగ్గరికే వెళ్లని పిల్లలు, సీబీటీ చేయించుకున్న పిల్లలకు తీసిపోకుండా మెరుగయ్యారు. ఇలా చెబితే మంత్రంలా వినిపిస్తుంది. మంత్రమేమీ లేదు, ఎలా పనిచేస్తుందో చూద్దాం.

కోడిపిల్ల భయపడితే ఏం చేస్తుంది? తల్లివైపు పరుగెత్తుతుంది. మనిషి పిల్ల అంతకంటే ఎక్కువ చేస్తుంది. తనను తాను కాపాడుకోలేదు కాబట్టి ఏడుస్తుంది, అతుక్కుంటుంది, పిలుస్తుంది. ఆ పిలుపు వినగానే లేచి వెళ్లేలా తల్లిదండ్రుల శరీరం తయారై ఉంటుంది. అంటే పిల్లల భయం పుట్టుకతోనే ఇద్దరి వ్యవహారం. పిల్లవాడి లోపల ఏదో చెడిపోయిందని వాడొక్కడినే బాగుచేసే ప్రయత్నం చేస్తాం గానీ, ఆ భయం నడిచే దారిలో సగం మన ఇంట్లో, మన చేతుల్లో ఉంటుంది.

ఆ సగాన్ని సర్దుబాటు అందాం. భయపడే బిడ్డ కోసం మనం మన పనులు, వేళలు, మాటలు మార్చుకోవడం. "నీ పేరేంటమ్మా?" అని పెళ్లిలో ఎవరో అడుగుతారు. పిల్ల తల్లి కొంగు వెనక్కి వెళ్తుంది. అమ్మ వెంటనే "లాస్య అండీ, ఐదో తరగతి" అంటుంది. జవాబు వచ్చేసింది, పిల్లకు ఊపిరి ఆడింది, అమ్మకూ ఊపిరి ఆడింది. అందరికీ మేలే జరిగినట్టుంది కదా? ఇప్పుడు ఆ పిల్ల బుర్ర నేర్చుకున్నది చూడండి. 'అది నిజంగానే ప్రమాదం, అమ్మ అడ్డుపడింది కాబట్టి బతికాను.' అమ్మ నేర్చుకున్నది: 'నేను జవాబు చెప్తే పిల్ల కుదుటపడుతుంది.' ఇద్దరికీ అప్పటికప్పుడు ఉపశమనం దొరికింది కాబట్టి ఇద్దరూ మళ్లీ అదే చేస్తారు. ఈసారి ఇంకా తొందరగా చేస్తారు. భయం వడ్డీ వ్యాపారి లాంటిది. ఈ రోజు అప్పు తీర్చినట్టే ఉంటుంది, అసలు మాత్రం పెరుగుతూ ఉంటుంది.

ఇదంతా విని "అయితే తప్పంతా మాదే అన్నమాట" అనుకునేవాళ్లు ఈ గదిలో ఉంటారు. కాదు. ఆందోళన ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో దాదాపు అందరూ సర్దుబాట్లు చేస్తారని ఎన్నో పరిశీలనల్లో తేలింది. పిల్లల భయాన్ని పుట్టించింది మీరు కాదు. బురదలో చక్రం దిగబడితే తప్పు డ్రైవరుది కాకపోవచ్చు, కానీ స్టీరింగు ఆయన చేతిలోనే ఉంది.

సరే, ఇక పని.

మొదటి పని లెక్క రాయడం. ఒక నోట్‌బుక్కు తీసుకుని పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దీపం ఆర్పేదాకా గంట గంటకూ పిల్లవాడి భయం వల్ల మీరు మార్చుకున్న ప్రతిదీ రాయండి. లేపేటప్పుడు, స్నానం దగ్గర, టిఫిను దగ్గర, బడికి బయల్దేరేటప్పుడు, బడి వదిలాక, హోంవర్కు వేళ, నిద్ర వేళ. బాత్రూం తలుపు దగ్గర నిలబడ్డారా? అన్నం బాగుందో లేదో మీరు ముందు తిని చూపించారా? ఫోను ఎప్పుడూ చేతిలో ఉంచుకున్నారా? చుట్టాలను ఇంటికి పిలవడం మానేశారా? చెల్లెలిని "అక్కకు భయం, టీవీ కట్టెయ్" అన్నారా? ఆ చెల్లెలు చేసేదీ రాయాలి. యేల్ వాళ్ల దగ్గర దీనికో ప్రశ్నపత్రం ఉంది. గత నెలలో ఈ సర్దుబాటు ఎన్నిసార్లు చేశారని అడిగి, ఎప్పుడూ లేదంటే సున్నా నుంచి రోజూ అంటే నాలుగు దాకా మార్కు వేస్తారు. మీకు ఆ పత్రం లేకపోయినా నోట్‌బుక్కు చాలు. అమ్మ ఒకటి, నాన్న ఒకటి విడివిడిగా రాయాలి. కలిసి రాస్తే ఒకరు చెప్పింది ఇంకొకరు దిద్దుతూ కూర్చుంటారు. ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ఆవిడ లెక్క మూడోది, చాలా ఇళ్లల్లో అన్నిటికంటే పొడుగు లెక్క అదే అవుతుంది. [నవ్వులు]

రెండో పని ఒక వాక్యం నేర్చుకోవడం. వినడానికి చిన్నదే, నోటికి రావడానికి రెండు వారాలు పడుతుంది. ఈ వాక్యంలో రెండు సగాలుంటాయి. మొదటి సగం, నీకు కష్టంగా ఉందని నాకు తెలుసు. రెండో సగం, నువ్వు తట్టుకోగలవు. "నీకిప్పుడు చాలా భయంగా ఉంది కదా నాన్నా. ఆ భయాన్ని నువ్వు తట్టుకోగలవని నాకు నమ్మకం." అంతే.

మన ఇళ్లల్లో జరిగేదేంటంటే ఈ వాక్యాన్ని రెండు ముక్కలు చేసి ఇద్దరూ పంచుకుంటారు. అమ్మ దగ్గర మొదటి సగమే ఉంటుంది: "అయ్యో నా బంగారం, భయమేసిందా, రా నా దగ్గర పడుకో." నాన్న దగ్గర రెండో సగమే ఉంటుంది: "మగపిల్లాడివి, సిగ్గులేదూ, వెళ్లి పడుకో." కొన్ని ఇళ్లల్లో ఈ పాత్రలు అటూ ఇటూ అవుతాయి. నాన్న ఎంత గట్టిగా అరిస్తే అమ్మ అంత గట్టిగా దగ్గరికి తీసుకుంటుంది, అమ్మ ఎంత దగ్గరికి తీసుకుంటే నాన్నకు అంత ఒళ్లు మండుతుంది. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది కాబట్టి ఎవరూ తగ్గరు. నాన్న మాటలో పిల్లవాడి కష్టానికి చోటు లేదు, అమ్మ మాటలో వాడి శక్తికి చోటు లేదు. అందుకే ఈ వాక్యం ఇద్దరూ పూర్తిగా పలకాలి.

పలకడంలో వచ్చే తప్పులు కొన్ని. "భయమేముంది ఇందులో" అంటే మొదటి సగం పోయింది. "నీకేం కాదు" అన్నారనుకోండి, అది భరోసా, అదీ ఒక సర్దుబాటే. మీ హామీ అయిపోయేదాకా ధైర్యం, అయిపోగానే ఇంకో హామీ కావాలి. "భయంగానే ఉంది కానీ..." అని మొదలుపెడితే ఆ 'కానీ' మొదటి సగాన్ని తుడిచిపెట్టేస్తుంది. రెండింటినీ 'కానీ' లేకుండా పక్కపక్కన పెట్టండి. "నువ్వు భయపడవని నమ్మకం" అనకండి, అది అబద్ధమని పిల్లలకు తెలుసు. తట్టుకుంటాడని నమ్మకం, అంతవరకే. ఆ తర్వాత ఉపన్యాసం వద్దు. మన భాషలో ఊతపదం అని ఒక మాట ఉంది, మాట్లాడేటప్పుడు అలవాటుగా నోటికొచ్చే పదం. ఈ వాక్యం ఇంట్లో ఊతపదం కావాలి, రెండర్థాల్లోనూ: అలవాటు మాటగా, ఊతమిచ్చే మాటగా. పిల్లలు విసుక్కుని "అబ్బా, మళ్లీ అదేనా" అన్నారంటే పని జరుగుతోందని లెక్క.

రెండు వారాలు ఇలా వాక్యం అలవాటు చేసుకుంటూ, సర్దుబాట్లను ముట్టుకోకుండా లెక్క మాత్రం రాయండి. ఇక్కడే తొందరపడేవాళ్లు ఎక్కువ. ఈ సభ నుంచి వెళ్లి ఇవాళ రాత్రే పిల్లను వేరే గదిలో పడుకోబెట్టి తలుపేసేవాళ్లుంటారు. దయచేసి అలా చేయకండి. భయం పోగొట్టాలని చీకటి గదిలో పెట్టి గొళ్లెం వేయడం ఈ వైద్యం కాదు. ఊతం లేకుండా సర్దుబాటు తీసేస్తే అది వట్టి శిక్ష.

మూడో పని, పట్టికలోంచి ఒక్కటి ఎంచుకోవడం. ఒక్కటే. ఏది ఎంచుకోవాలో దానిమీదే సగం ఫలితం ఆధారపడుతుంది. రోజూ జరిగేదై ఉండాలి, వీలైతే రోజుకు చాలాసార్లు. నెలకోసారి డెంటిస్టు దగ్గర జరిగేది పనికిరాదు, సాధన కుదరదు. ఇంట్లోవాళ్లకు బాగా ఇబ్బంది కలిగించేదై ఉండాలి, లేకపోతే మూడో రోజుకే మీరు వదిలేస్తారు. తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అది పూర్తిగా మీ చేతుల్లో ఉన్న పని అయి ఉండాలి.

ఈ చివరిది కాస్త నిదానంగా చూద్దాం. "వాడు వాడి గదిలో పడుకోవాలి" అన్నది లక్ష్యం కాదు, అది వాడి చేతిలో ఉంది. వాడు పడుకోనంటే మీరేం చేస్తారు? లాక్కెళ్తారు, కొడతారు, లేదా ఓడిపోతారు. "నేను వాడి పక్కన పడుకోను" అన్నది లక్ష్యం. దాన్ని ఎవరూ మీ చేత ఆపించలేరు. వాడు హాల్లో సోఫా మీద పడుకున్నా, రాత్రి రెండింటిదాకా మేలుకుని కూర్చున్నా మీ లక్ష్యం నెరవేరినట్టే. ఈ పద్ధతి మూలాల్లో ఒకటి టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో హైమ్ ఓమర్ తల్లిదండ్రుల కోసం మలిచిన అహింసాయుత ప్రతిఘటన. దానికి ప్రేరణ గాంధీ. ఎదుటివాడిని మార్చే ప్రయత్నం చేయకు, నీ సహకారం ఉపసంహరించుకో, చెయ్యెత్తకు, మాట జారకు, వెనక్కి తగ్గకు. ఉప్పు సత్యాగ్రహం మన పడకగదిలోకి టెల్ అవీవ్, న్యూహేవెన్ చుట్టి వచ్చిందన్నమాట.

ఎంచుకున్నాక ప్రణాళిక కాగితం మీద రాయాలి. ఏం మానేస్తాం, బదులు ఏం చేస్తాం, ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు. "ఇకనుంచి కొంచెం తగ్గిద్దాం" అన్నది ప్రణాళిక కాదు. నాన్న యాక్సిడెంటు ప్రశ్నల పిల్లనే తీసుకుందాం. ముప్పైసార్లు జవాబు చెప్పే ఇంట్లో ప్రణాళిక ఇలా ఉండొచ్చు: పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి జవాబు చెప్తాం. మూడోసారి నుంచి ఆ వాక్యం ఒక్కసారి అని మా పనిలో మేముంటాం. నాన్న ఆఫీసు నుంచి 'వచ్చేస్తున్నా' అని మెసేజీ పెట్టడు. అమ్మ లేనప్పుడు నానమ్మ కూడా ఇదే పాటిస్తుంది. చూశారా, పిల్ల అడగకూడదని ఎక్కడా లేదు. ఎన్నిసార్లైనా అడగొచ్చు.

నాలుగో పని, పిల్లలకు ముందే చెప్పడం. ఇది ఉత్తరం రాసి చెప్పడం మేలు. ఎందుకంటే నోటితో చెబితే మధ్యలో పిల్లలు ఏడుస్తారు, మీరు సర్దిచెప్తారు, చివరికి అసలు సంగతి బేరంగా మారుతుంది. కాగితం బేరం ఆడదు. పక్కన పడుకోవడం విషయంలో అయితే ఇలా రాయొచ్చు:

"బుజ్జీ, రాత్రి ఒక్కదానివే పడుకోవాలంటే నీకు చాలా భయంగా ఉంటుందని మాకు తెలుసు. ఆ భయాన్ని నువ్వు తట్టుకోగలవని కూడా తెలుసు. ఇన్నాళ్లూ అమ్మ వచ్చి పక్కన పడుకునేది. అది నీకు సాయం అనుకున్నాం. దానివల్ల నీ భయం తగ్గలేదు, పెరిగింది. అందుకని సోమవారం రాత్రి నుంచి అమ్మ తొమ్మిదిన్నరకు లైటు ఆపి బయటికి వస్తుంది. నువ్వు పిలిస్తే పది నిమిషాలకోసారి గుమ్మం దగ్గరికి వచ్చి ఒక నిమిషం ఉండి వెళ్తుంది. పక్కన పడుకోదు. మొదట్లో నీకు కష్టంగా ఉంటుంది. నువ్వంటే మాకు ప్రాణం. అమ్మ, నాన్న."

సరిగ్గా పది వాక్యాలు. అందులో పిల్ల చేయాల్సింది ఒక్కటీ లేదు. తిట్టు లేదు, "పెద్దదానివయ్యావు" లేదు, "పక్కింటి అమ్మాయిని చూడు" అసలే లేదు. బహుమతి ఆశ చూపడం కూడా లేదు, భయం సైకిలుకు లొంగదు. ఎప్పుడు, ఎవరు, ఎంతసేపు అన్నీ అంకెల్లో ఉన్నాయి. ఈ ఉత్తరాన్ని సెలవు రోజు, మనసులు నెమ్మదిగా ఉన్న వేళ, ఇద్దరూ కూర్చుని చదివి చేతికివ్వాలి. పడుకునే ముందు ఇవ్వకండి. చింపేస్తే చింపనివ్వండి, ఇంకో కాపీ ఉంచుకోండి. చెవులు మూసుకున్నా చివరిదాకా చదవండి. చర్చ మాత్రం వద్దు.

ఆ తర్వాత సోమవారం వస్తుంది. మొదటి వారం పరిస్థితి ముందుకంటే ఘోరంగా ఉండొచ్చని అనుకునే మొదలుపెట్టండి. లిఫ్టు బటన్ నొక్కితే రాకపోతే ఏం చేస్తాం? వెళ్లిపోతామా? ఇంకా గట్టిగా, పదిసార్లు నొక్కుతాం. పిల్లలూ అంతే. ఏడుపు పెరుగుతుంది, "నువ్వు నా అమ్మవే కాదు" అంటారు, వస్తువులు విసురుతారు. ఈ పద్ధతిలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నాలుగు రాత్రులు నిలబడి ఐదో రాత్రి రెండు గంటల ఏడుపు తర్వాత వెళ్లి పక్కన పడుకుంటారు. దాంతో పిల్ల నేర్చుకునేది, రెండు గంటలు ఏడిస్తే వస్తారని. అలా సగంలో వెనక్కి రావడం కంటే మొదటినుంచీ చిన్న మెట్టు ఎంచుకోవడం మేలు. పక్కన పడుకునే చోట మంచం పక్కన కుర్చీలో కూర్చోవడంతో మొదలుపెట్టండి, వారానికోసారి కుర్చీ గుమ్మంవైపు జరపండి. చిన్న మెట్టు అయినా నిలబడి తీరే మెట్టు కావాలి.

ఏడుస్తున్నప్పుడు మీరు చేయాల్సింది చాలా తక్కువ. వాక్యం ఒక్కసారి. గొంతు పెంచకండి, ఎదురు వాదన వద్దు, వివరణ వద్దు. పొద్దున్నే పిల్ల రాత్రి ఎంత ఏడ్చినా "నిన్న నీకు చాలా కష్టమైంది, అయినా తట్టుకున్నావు" అనండి. ఏడవకుండా ఉంటేనే మెచ్చుకుంటానంటే మీరు మెచ్చుకునేది భయం లేకపోవడాన్ని. మనకు కావాల్సింది భయంతోనే గడిపేయడం. నోట్‌బుక్కులో తేదీ, ఏం జరిగింది, నేనేం చేశాను, ఎంతసేపు, ఈ నాలుగు గళ్లు నింపండి. మూడో వారంలో "ఏమీ మారలేదండీ" అనిపిస్తుంది, అప్పుడు మొదటి రాత్రి తొంభై నిమిషాలు, నిన్న ఇరవై ఐదు అని ఆ పుస్తకమే చెప్తుంది.

ఇంట్లోవాళ్ల సాయం తీసుకోండి. పిల్లకు ఇష్టమైన మేనమామో, అత్తో, పైఇంటి ఆంటీనో ముందే పిలిచి చెప్పిపెట్టండి. వాళ్లు ఒక మెసేజీ పెట్టాలి: "రాత్రి చాలా కష్టపడ్డావట, అయినా గడిపేశావట, విన్నాను." నీతులు చెప్పకూడదు. పిల్లలు మొదట పరువు పోయినట్టు కోప్పడతారు. తల్లిదండ్రులకు మాత్రం ఇది గొప్ప బలం, ఇంటి గుట్టుగా దాచిన సమస్య నలుగురి చేతుల్లోకి వస్తే బరువు తగ్గుతుంది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు చుట్టుపక్కల ఎవరూ లేరనుకుంటారు గానీ, ఊళ్లో ఉన్న తాతయ్య వీడియో కాల్‌లో ఆ ఒక్క మాట అన్నా చాలు.

మొదటి సర్దుబాటు దారిలో పడ్డాక, సాధారణంగా కొన్ని వారాలకు, రెండోది ఎంచుకోండి. చాలా ఇళ్లల్లో అన్నీ ఒక్కొక్కటిగా తీయాల్సిన అవసరం రాదు. ఒకటి రెండు చోట్ల తట్టుకోవడం అలవాటయ్యాక మిగతావి వాటంతటవే పలచబడతాయి.

ఇప్పుడు ప్రశ్నలు.

ప్రశ్న: మా అత్తగారు ఒప్పుకోరండీ. "ముసలిదాన్ని, నా పక్కన పడుకుంటే నీకేం నష్టం" అంటారు.

ఆవిడ అడుగుతున్నది న్యాయమైన ప్రశ్న. నానమ్మ పక్కన పడుకోవడం మన ఇళ్లల్లో రోగం కాదు, సంప్రదాయం. ఆ పిల్ల నానమ్మ ఊరెళ్లిన రోజు కూడా హాయిగా పడుకోగలిగితే ఇందులో సర్దుబాటు లేదు, వదిలేయండి. ఆవిడ లేకపోతే ఇల్లంతా మేలుకోవాల్సి వస్తే అప్పుడు అది సర్దుబాటు. ఆవిడను మార్చే ప్రయత్నం చేయకండి, ఈ సూత్రం పెద్దవాళ్లకూ వర్తిస్తుంది. ఆవిడ ప్రమేయం లేని ఇంకో సర్దుబాటుతో మొదలుపెట్టండి. ఫలితం కళ్లబడ్డాక ఆవిడే మీ పక్షానికొస్తారు. ఒక పని అప్పగించడం కూడా బాగా పనిచేస్తుంది: పొద్దున మెచ్చుకునే మాట నానమ్మది.

ప్రశ్న: బడికే వెళ్లనంటున్నాడు. ఇదే పద్ధతా?

ముందు బడిలో ఏముందో చూడండి. కొట్టే టీచరు, ఏడిపించే పిల్లలు, వెళ్లలేని మరుగుదొడ్డి, చదవడంలో ఎవరూ గుర్తించని ఇబ్బంది, వీటిలో ఏదైనా ఉంటే పిల్లాడి భయం సబబే, సరిచేయాల్సింది బడిని. నిజమైన ప్రమాదం నుంచి కాపాడటం సర్దుబాటు కాదు. కడుపునొప్పి, తలనొప్పి, బరువు తగ్గడం లాంటివుంటే పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఇవేవీ లేవని తేలాకే ఇంట్లో లెక్క తీయాలి. బడి వేళల్లో ఇంట్లో ఫోను, టీవీ, అమ్మ తోడు, వేడివేడి దోసెలు, ఇవన్నీ ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడండి. వైఫై ఉదయం తొమ్మిది నుంచి నాలుగు దాకా ఆపడం మీ చేతిలో పని. మానేసి నెలలు దాటితే మీరొక్కరే చేయకండి. బడితో మాట్లాడి తిరిగి పంపే మెట్లు వేయగలిగిన నిపుణుడు పక్కన ఉండాలి.

ప్రశ్న: "ఇలా చేస్తే చచ్చిపోతా" అంటే ఏం చేయాలి?

నమ్మాలి. 'బెదిరిస్తోందిలే' అని తేలిగ్గా తీసుకోకండి, అదే సమయంలో హడలిపోయి ఉత్తరం వెనక్కి తీసుకోకండి. పక్కన కూర్చుని సూటిగా అడగండి: చనిపోవాలని నిజంగా అనిపిస్తోందా, ఎలా అని ఆలోచించావా? అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఇంట్లో పురుగుమందు, నిద్రమాత్రలు, షుగరు, బీపీ మందులు తాళంలో పెట్టండి. ఆ రోజు ఎవరో ఒకరు కంట కనిపెట్టుకుని ఉండాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యుడికి చూపించి, ప్రాణాపాయం ఎంతుందో ఆయన తేల్చేదాకా కొత్త మెట్టు ఎక్కకండి. ప్రమాదం ఉందంటే ముందు దాని వైద్యం. లేదని తేలితే, తోడుగా ఎవరో ఒకరు అదే గదిలో ఉంటారు గానీ ఎత్తేసిన సర్దుబాటు మాత్రం తిరిగి రాదు.

ప్రశ్న: మందులు వాడుతున్నాం. ఇది మొదలుపెడితే ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపకండి. రెండూ కలిసి నడవొచ్చు. మందు తగ్గించడం, మానడం రాసిచ్చిన డాక్టరు చేతిలో పని.

ప్రశ్న: ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

పరీక్షల వారంలో వద్దు, ఇల్లు మారే నెలలో వద్దు, మీలో ఒకరు క్యాంపులో ఉన్నప్పుడు వద్దు. కనీసం మూడు వారాలు ఇద్దరూ రాత్రిళ్లు ఇంట్లో ఉండే సమయం చూసుకోండి. గోడ పలచగా ఉండే అపార్టుమెంటు అయితే పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే రెండో రాత్రి వాళ్లొచ్చి తలుపు కొడతారు, మీ ప్రణాళిక అక్కడితో ఆగుతుంది. సంక్రాంతికి ఊరెళ్లే వారం అసలే వద్దు. అక్కడ పదిమంది ఒకే హాల్లో వరసగా పక్కలు వేసుకుని పడుకుంటారు. పడుకోనివ్వండి. కనుమ వెళ్లి, తిరిగి ఇంటికొచ్చాక ఉత్తరం రాయండి.